హోంలో ఉన్న పెద్దవాళ్ల సంరక్షణపై ఫిర్యాదు వస్తే విచారణ ఎలా చేయాలి

"రాత్రంతా అమ్మకి డైపర్ మార్చలేదు." "నాన్నకి నడుం కింద పుండు పడింది, మేం చూసేదాకా ఎవరూ చెప్పలేదు." "ఎప్పుడెళ్లినా మత్తుగానే ఉంటోంది, ఏదో మందు వేస్తున్నారు." హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి చోట్ల నెలకింత అని తీసుకుని పెద్దవాళ్లను చూసుకునే హోంల మీద వచ్చే ఫిర్యాదులు ఇలా ఉంటాయి. వాటికి దొరికే జవాబు కూడా చాలాసార్లు ఒకటే. మేనేజర్ ఆ రోజు డ్యూటీలో ఉన్న ఆయాను పిలిచి కేకలేస్తాడు, లేదంటే పనిలోంచి తీసేస్తాడు. "ఆ మనిషిని మార్చేశాం" అని ఇంటివాళ్లకు ఫోన్ వెళ్తుంది. కొన్నాళ్లకు పక్క మంచంలో ఇంకొకరికి అదే పుండు పడుతుంది. ఆ రాత్రి ఆ అంతస్తులో ఎంతమంది పెద్దవాళ్లకు ఎంతమంది మనుషులున్నారో, ఎవరు ఎన్నిసార్లు గదిలోకి వెళ్లారో ఎవరూ లెక్క చూడలేదు మరి.

విచారణకు కూర్చునేవాళ్లు ఎవరైనా కావచ్చు: హోం నడిపే ట్రస్టు సభ్యులు, మేనేజర్, సంక్షేమ శాఖ అధికారి, సొంత కూతురు, విదేశంలో ఉన్న కొడుకు తరఫున వెళ్లిన మేనమామ. అధికారాలు వేరు గానీ చేయాల్సిన పని ఒకటే. ఏ గంటకు ఏం జరగాల్సి ఉంది, ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది అన్నది ముందు తేల్చాలి. తప్పెవరిదన్నది ఆ తర్వాత.

ముందు మనిషిని చూడండి

రిజిస్టర్లు అడిగే ముందు ఆ పెద్దావిడ దగ్గరికో, పెద్దాయన దగ్గరికో వెళ్లండి. పిలిస్తే పలకడం తగ్గినా, నిన్నటికీ ఇవాళ్టికీ మాట తీరు మారినా, జ్వరం ఉన్నా, నాలుక ఎండి యూరిన్ ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తున్నా, పుండు నుంచి వాసన వస్తున్నా, ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉన్నా (తుంటి ఎముక విరిగితే ఇలా ఉంటుంది) విచారణ పక్కనపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. తలకు దెబ్బ తగిలిన మనిషి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే పైకి బాగానే కనిపించినా అదే రోజు డాక్టర్ చూడాలి, సీటీ స్కాన్ అవసరమేమో అడగాలి. పెద్ద వయసులో తలలో రక్తస్రావం రోజులు, వారాలు గడిచాక బయటపడే సందర్భాలున్నాయి.

కొట్టారని, కట్టేశారని, లైంగికంగా వేధించారని ఫిర్యాదైతే ముందు 112కు ఫోన్ చేయండి. హోం లోపల మీరు చేసే విచారణ పోలీసుల పనికి అడ్డు రాకూడదు. లైంగిక దాడి అనుమానం ఉంటే స్నానం చేయించవద్దు, బట్టలు ఉతకవద్దు. ఆ బట్టల్ని ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకు పాడవుతాయి కాబట్టి కాగితం సంచిలో పెట్టండి. గాయాలుంటే హోంకు వచ్చిపోయే డాక్టర్‌తో సరిపెట్టకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, మెడికో లీగల్ కేసుగా (ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే కేసుగా) నమోదు చేయమని అడగండి.

ఆరోపణ ఎవరి మీద ఉందో వాళ్లను తేలేదాకా ఆ పెద్దమనిషి గదికి దూరంగా ఉంచాలి. ఇది శిక్ష కాదని వాళ్లకు స్పష్టంగా చెప్పండి, జీతం ఆపకండి. జీతం పోతుందన్న భయం మొదలైందంటే మిగతా సిబ్బంది కూడా నోరు విప్పరు.

ఫొటోలు తీయాల్సి వస్తే ఆ మనిషి అనుమతి అడగండి. చెప్పలేని స్థితిలో ఉంటే దగ్గరి బంధువును అడగండి. ఒకటి దూరం నుంచి, శరీరంలో ఎక్కడో తెలిసేలా. ఇంకొకటి దగ్గర నుంచి, పక్కన స్కేలు పెట్టి. ఫ్లాష్ పడితే రంగు మారిపోతుంది, పగటి వెలుగు మేలు. ఇవి వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు.

ఫిర్యాదును తేల్చగలిగే మాటల్లోకి మార్చండి

"సరిగా చూసుకోవడం లేదు" అన్నదాన్ని ఎవరూ రుజువు చేయలేరు, కాదనీ అనలేరు. ఫిర్యాదు చేసినవాళ్లతో కూర్చుని విడదీయండి. ఏ రోజు, ఏ గంటల మధ్య? ఏం చేయాల్సి ఉండగా చేయలేదు? మీరు చూశారా, ఎవరైనా చెప్పారా? చూసినప్పుడు గదిలో ఇంకెవరున్నారు? "మంగళవారం రాత్రి 10 నుంచి బుధవారం ఉదయం 6 దాకా డైపర్ మార్చలేదు", "ఉదయం షుగర్ చూడకుండా ఇన్సులిన్ ఇచ్చారు" ఇలా ఒక్కొక్కటీ వేరే వాక్యం కావాలి. ఒక ఫిర్యాదులో నాలుగు ఆరోపణలుంటే నాలుగింటికీ వేర్వేరుగా ముగింపు రాయాలి. మూడు తేలక ఒకటి నిజమైతే "ఫిర్యాదులో పస లేదు" అని మొత్తం కొట్టేయడం చాలాచోట్ల జరిగే తప్పు.

నోటిమాటగా చెప్పినా, పేరు చెప్పకపోయినా ఫిర్యాదు ఫిర్యాదే. తేదీ వేసి, నంబరిచ్చి పుస్తకంలో ఎక్కించండి. చెప్పినవాళ్ల పేరు సిబ్బందికి తెలియకూడదు. ఇది మాట వరసకు చెప్పుకునే గోప్యత కాదు. మంచం దిగలేని మనిషికి రేపు అన్నం పెట్టేదీ, ఒళ్లు తుడిచేదీ ఆ సిబ్బందే.

అదే రోజు భద్రం చేయాల్సినవి

అన్నిటికన్నా ముందు సీసీ కెమెరా రికార్డింగ్. డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. కెమెరాల సంఖ్యను బట్టి, డిస్కు సైజును బట్టి చాలాచోట్ల 7 నుంచి 30 రోజులే నిలుస్తుంది. సంఘటన జరిగిన గంట ఒక్కటే కాకుండా ముందూ వెనకా 48 గంటలు కాపీ చేయించండి. రికార్డర్‌లోని గడియారాన్ని మీ ఫోన్ టైముతో పోల్చి తేడా రాసుకోండి. 40 నిమిషాలు వెనకో ముందో నడిచే రికార్డర్ వల్ల నిర్దోషి మీద నేరం పడే ప్రమాదం ఉంది. కోర్టుదాకా వెళ్లేలా ఉంటే భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి. అందులో హ్యాష్ విలువ (ఫైలు తర్వాత మారలేదని చూపించే అంకెలు, అక్షరాల గుర్తు) రాయాలి, ఒక భాగం నిపుణుడు నింపాలి. కాపీ తీసేటప్పుడే హ్యాష్ రాయించుకుంటే తర్వాత తిప్పలుండవు.

కెమెరాలు గదుల్లో లేవని కంగారు పడొద్దు. వరండా కెమెరా చాలు. ఆ గది తలుపు రాత్రి ఎన్నిసార్లు తెరుచుకుందో, లోపలికి వెళ్లినవాళ్లు ఎంతసేపు ఉన్నారో అది చూపిస్తుంది. "పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాం" అన్న మాటను నిలబెట్టేదీ, పడగొట్టేదీ చాలావరకు ఆ కెమెరాయే.

తర్వాత కాగితాలు: నర్సింగ్ చార్టు, మందుల చార్టు, డ్యూటీ రోస్టర్, హాజరు, గేటు రిజిస్టర్, మెడికల్ షాపు బిల్లులు, ఏజెన్సీ పంపిన అటెండెంట్ల బిల్లు, చేరేటప్పుడు రాసుకున్న ఒప్పందం. పేజీ నంబర్లు కనిపించేలా, ఖాళీ పేజీలతో సహా ప్రతి పేజీనీ ఫొటో తీయండి. మధ్యలో పేజీ చిరిగి ఉంటే కుట్టు దగ్గర తెలుస్తుంది. కుటుంబం తరఫున వెళ్లినవాళ్లు తమ మనిషి కాగితాల కాపీలను రాతపూర్వకంగా అడగాలి, ఇతరుల కాగితాలు చూపించమని పట్టుబట్టకూడదు. డాక్టర్లకు వర్తించే 2002 నాటి వృత్తి నియమావళి ప్రకారం రోగో, వాళ్ల తరఫువాళ్లో అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డు ఇవ్వాలి. అడిగిన లేఖ మీద తేదీ, సంతకం వేయించుకోండి. తీసుకోకపోతే ఈమెయిల్ పెట్టండి.

చాలామంది వదిలేసేది గ్లూకోమీటర్. దాని మెమరీలో పాత రీడింగులు తేదీ, టైముతో సహా ఉంటాయి. చార్టులో రోజూ ఉదయం 6 గంటలకు 140, 138, 142 అని ఉండి మెమరీలో వారానికి రెండే రీడింగులు ఉన్నాయంటే ఇన్సులిన్ అంచనా మీద ఇస్తున్నారన్నమాట. మీటర్ ఒక్కరిదేనా, అంతస్తులో అందరికీ కలిపి ఒకటేనా అన్నది మాత్రం ముందు కనుక్కోవాలి. మెమరీ ఉన్న బీపీ మిషన్లనూ ఇలాగే చూడండి.

చార్టు ఎక్కడ దొరికిపోతుంది

నింపిన చార్టు చేసిన పనికి రుజువు అనుకోవద్దు. షిఫ్టు చివర ఒకేసారి టిక్కులు పెట్టేయడం ఎక్కడైనా జరుగుతుంది, చాలాసార్లు దురుద్దేశం లేకుండానే. అందుకే చార్టును దానికి బయట ఉన్న మరో సాక్ష్యంతో పోల్చాలి.

ఆ మనిషి హోంలో లేని రోజు చూడండి. ఆసుపత్రిలో చేరిన తేదీనో, ఇంటికి పెళ్లికి తీసుకెళ్లిన తేదీనో. ఆ రోజు కూడా బీపీ 120/80 అని, రాత్రి మందు ఇచ్చామని ఉందంటే ఆ చార్టు మొత్తం నమ్మదగ్గది కాదు. అలాగే డ్యూటీలో లేనివాళ్ల సంతకం, పది రోజులకూ ఒకే పెన్ను ఒకే ఒత్తిడి, ఒక్క కొట్టివేత కూడా లేని నెల, ఎప్పుడూ మారని టెంపరేచర్.

మందులు లెక్కపెట్టండి. 1వ తేదీన 30 మాత్రలు కొని ఆ రాత్రి నుంచే రోజుకొకటి ఇస్తే, 18వ తేదీ ఉదయానికి 13 మిగలాలి. 19 ఉన్నాయంటే ఆరు రాత్రులు ఇవ్వలేదు. 7 ఉన్నాయంటే ఆరు ఎక్కువ ఖర్చయ్యాయి, అవి ఎవరికి వెళ్లాయో చూడాలి. నిద్రమాత్రల విషయంలో ఈ రెండోది మరీ ముఖ్యం. ముందు నెలలో మిగిలిన స్ట్రిప్పులు కలిశాయేమో తెలుసుకోకుండా లెక్క ముగించకండి. డైపర్లకూ ఇదే పద్ధతి. రోజుకు నాలుగు చొప్పున నెలకు 120, అంటే పదేసి ఉండే ప్యాకెట్లు 12. బిల్లులో 12 ఉండి వాడింది 6 అయితే రెండు ప్రశ్నలు లేస్తాయి. మనిషి తడిలో ఉన్నారా? డబ్బు ఎటు పోయింది?

ఇక రాత్రి లెక్క. ఒక అంతస్తులో మంచం మీదే ఉండే ఎనిమిది మందిని రాత్రి నాలుగుసార్లు పక్కకు తిప్పాలనుకుందాం. ఒక్కోసారి ఇద్దరు కలిసి 5 నిమిషాలు. 8 × 4 × 5 అంటే 160 నిమిషాలు, ఇద్దరికీ కలిపి 320. పది మందికి రెండేసి సార్లు డైపర్ మార్చడానికి పదేసి నిమిషాల చొప్పున 200. మొత్తం 520 నిమిషాల పని. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఉండేది 480 నిమిషాలు. ఆ అంతస్తులో ఒక్క ఆయానే ఉంటే, ఆమె క్షణం కూర్చోకపోయినా, బరువైన మనిషిని రెట్టింపు సమయం తీసుకుని ఒంటరిగా తిప్పగలిగినా ఆ పని పూర్తికాదు. అయినా చార్టులో అన్ని టిక్కులూ ఉంటే అబద్ధం రాయించింది ఆమె బద్ధకమా, ఆమెను అక్కడ ఒంటరిగా నిలబెట్టిన రోస్టరా? తీసేయాల్సింది ఆమెనని నివేదిక రాసే ముందు ఈ లెక్క వేసి చూడాలి.

శరీరం మీద కనిపించేవి

పడక పుండు ఎక్కడుందో ముందు చూడండి. నడుం కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక భాగం ఇవి ఒత్తిడి పడే చోట్లు. ఎముక లేని మడతల్లో, తొడల మధ్య ఎర్రగా ఒరిసిపోయి ఉంటే అది ఎక్కువగా తడి వల్ల వచ్చేది, డైపర్ మార్చే వేళలతో ముడిపడిన సంగతి. వేలితో నొక్కి వదిలినా ఎరుపు తెల్లబడకపోతే అది మొదటి దశ పుండు. ఆ దశలో ఎవరైనా గమనించి రాశారా అన్నదే అసలు ప్రశ్న. మూడు, నాలుగు దశల్లో లోపలి కొవ్వు, కండ, ఎముక కనిపిస్తున్న పుండును "నిన్ననే చూశాం" అంటే స్నానం చేయించే మనిషి రోజూ ఏం చూసినట్టు?

ఎక్కువగా గొడవ వచ్చేది "ఇక్కడ పడిందా, ఆసుపత్రిలో పడిందా" అని. లోపలి కండ నలిగిన ఒత్తిడి పైకి ఊదా రంగు మచ్చగా కనిపించడానికి 48 నుంచి 72 గంటలు పట్టొచ్చు. కాబట్టి మచ్చ కనిపించిన రోజు నుంచి మూడు రోజులు వెనక్కి వెళ్లి ఆ మనిషి ఎక్కడెక్కడ, ఎంతసేపు కదలకుండా పడుకున్నారో రాయండి. ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీద గడిపిన గంటలూ లెక్కలోకి వస్తాయి. చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు ఎంత బాగా చూసినా పుండ్లు పడే సందర్భాలున్నాయి, డాక్టర్‌ను అడగకుండా నిర్లక్ష్యమని తేల్చేయకూడదు.

ఎయిర్ బెడ్ వేశామని చెబితే పంపు ఆన్‌లో ఉందో లేదో, కరెంటు పోతే ఏం చేస్తున్నారో చూడండి. నడుం కింద, పరుపు అడుగున అరచేయి పెడితే మధ్యలో కనీసం రెండున్నర సెంటీమీటర్ల గాలి తెలియాలి. ఎముక చేతికి తగిలితే ఆ బెడ్ పనిచేయనట్టే.

కమిలిన మచ్చల రంగు చూసి "ఇది నాలుగు రోజుల కిందటిది" అని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పసుపు రంగు కనిపిస్తే దెబ్బ తగిలి కనీసం 18 గంటలు దాటిందని మాత్రమే అనుకోవచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు ముంజేతుల మీద చిన్న తాకిడికే మచ్చలు పడతాయి. చెవులు, మెడ, చేతుల లోపలి వైపు, తొడల లోపలి వైపు, వీపు మీద ఉన్నవి, రెండు భుజాల మీదా వేళ్ల అచ్చులు, మణికట్టు చుట్టూ కంకణంలా ఉన్న గీత మామూలుగా అలా వచ్చేవి కావు. ఆ గీత కనిపిస్తే మంచం కమ్మీలకు చున్నీ ముక్కలు, పాత చీర పేలికలు కట్టి ఉన్నాయేమో వెతకండి. "పడిపోతారని కట్టాం" అంటారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మానసిక ఆరోగ్య కేంద్రాలకు పెట్టిన నియమాన్ని ఏ హోమైనా కొలతగా తీసుకోవాలి. తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి మరో దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే కట్టాలి, రికార్డులో రాయాలి. సిబ్బంది చాలడం లేదన్న కారణంతో కట్టనే కూడదు.

బరువు నెలకోసారైనా చూస్తున్నారా? 60 కిలోల మనిషి ఒక నెలలో 57కు వస్తే అది 5 శాతం, కారణం వెతికి తీరాల్సిన తగ్గుదల. భోజనం ఫిర్యాదుల్లో కూర రుచికన్నా వేళలు చూడండి. రాత్రి 6.30కు పెట్టి మళ్లీ ఉదయం 8.30కే టిఫిన్ అంటే 14 గంటల ఖాళీ. షుగర్ మందు వేసుకునేవాళ్లకు తెల్లవారుజామున 70 కిందికి పడిపోవడానికి అది చాలు. పళ్లసెట్టు ఎక్కడుందో కూడా అడగండి. డబ్బాలో ఉండిపోతే "అన్నం తినడం లేదు" అని చార్టులో రాసుకుంటూ పోతారు.

మత్తు గురించి ఫిర్యాదైతే డాక్టర్ రాసిన చీటీ, మందుల చార్టు, షాపు బిల్లు మూడూ పక్కపక్కన పెట్టండి. మత్తునిచ్చే లోరాజెపామ్, క్లోనాజెపామ్, క్వెటియాపిన్, హాలోపెరిడాల్ ఉన్నాయేమో చూడండి. అలర్జీకి వాడే అవిల్ లాంటివీ మత్తునిస్తాయి. "అవసరమైతే ఇవ్వాలి" అని రాసిన మందు ప్రతి రాత్రీ 8 గంటలకే, నైట్ డ్యూటీ మొదలవగానే ఇస్తున్నారంటే ఆ అవసరం పెద్దమనిషిది కాదు. లోరాజెపామ్ రకం మందులు యూరిన్ పరీక్షలో కొన్ని రోజులపాటు దొరకవచ్చు, క్వెటియాపిన్ లాంటివి మామూలు పరీక్షలో రావు. కాబట్టి పరీక్ష బాగుందని మత్తు ఇవ్వలేదని రాయకండి.

ఎవరితో ముందు, ఎలా మాట్లాడాలి

మొదట ఆ పెద్దవాళ్లతో, ఒంటరిగా. కళ్లజోడు, చెవి మిషన్ పెట్టించండి, బ్యాటరీ ఉందో చూడండి. మతిమరుపు జబ్బున్నవాళ్లు సాయంత్రానికి గందరగోళపడతారు, ఉదయం టిఫిన్ అయ్యాక మేలు. కూర్చుని, వాళ్ల కళ్ల ఎత్తులో మొహం పెట్టి, పెద్దమ్మా అనో తాతగారూ అనో వాళ్లకు అలవాటైన పిలుపుతో మొదలుపెట్టండి. "ఆయా కొట్టిందా?" అని అడిగితే జవాబు మీరే అందించినట్టు. "రాత్రి ఎలా గడుస్తుంది? బాత్రూంకి వెళ్లాలంటే ఏం చేస్తారు? పిలిస్తే ఎవరొస్తారు?" అని అడగండి. ఒకే సంగతిని నలుగురు నాలుగుసార్లు అడిగితే కథ మారిపోతుంది, ఒక్కరే అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

మతిమరుపు ఉన్నవాళ్ల మాట చెల్లదని తోసేయడం అన్యాయం. తేదీ తప్పు చెప్పొచ్చు, పేరు మారొచ్చు. కానీ ఒక మనిషి గదిలోకి రాగానే చేతులు ముడుచుకోవడం, స్నానం అనగానే ఏడవడం, ఇవి రాసుకోవాల్సిన సాక్ష్యాలు. పక్క మంచంవాళ్లు కూడా చాలా చూసి ఉంటారు.

సిబ్బందిలో కింది నుంచి మొదలుపెట్టండి: ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, తర్వాత ఆయాలు, నర్సులు, చివర మేనేజర్. తెల్లారి ఎన్ని దుప్పట్లు తడిసి వచ్చాయో బట్టలుతికే మనిషికి తెలిసినట్టు మేనేజర్‌కు తెలియదు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చి తెలుగు రాని అటెండెంట్లుంటే హోం మనుషుల్ని దుబాసీగా పెట్టుకోవద్దు. "మంచినీళ్లు" అంటే అర్థంకాక దాహంతో మిగిలిపోయిన రాత్రులు కూడా ఫిర్యాదుల వెనక ఉంటాయి. దానికి మందు తిట్టడం కాదు, గోడ మీద బొమ్మలతో చార్టు పెట్టి నాలుగు తెలుగు మాటలు నేర్పడం.

ఎంత అడిగినా రాత్రి ఒకసారి కళ్లారా చూడనిదే విచారణ పూర్తికాదు. రాత్రి 11 తర్వాత, తెల్లవారుజామున 5 గంటలకు, ఆదివారం, సంక్రాంతి రోజుల్లో సిబ్బంది ఊళ్లకు వెళ్లినప్పుడు వెళ్లండి. కాలింగ్ బెల్ నొక్కి ఎన్ని నిమిషాలకు వస్తారో చూడండి. మంచం మీది మనిషి చేతికి బెల్ అందుతుందో లేదో చూడండి. విదేశంలో ఉన్న పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. ఇక్కడ రాత్రి 2 గంటలైతే న్యూయార్క్‌లో సాయంత్రం 3.30 లేదా 4.30. ముందు చెప్పకుండా ఆ వేళ డ్యూటీ ఫోన్‌కు చేసి ఎవరు ఎత్తుతారో చూడండి. పగటిపూట వీడియో కాల్‌లో మొహం ఒక్కటే చూసి తృప్తిపడకుండా, అమ్మ సరేనంటే మడమలు, మోచేతులు చూపించమనండి.

తేల్చి రాయడం

ప్రతి ఆరోపణకూ మూడింటిలో ఒక ముగింపు: నిజమని తేలింది, నిజం కాదని తేలింది, తేల్చడానికి సాక్ష్యం చాలలేదు. నిజమనడానికి క్రిమినల్ కోర్టు స్థాయి రుజువు అక్కర్లేదు. జరగలేదనడం కన్నా జరిగిందనడానికే ఎక్కువ ఆధారం ఉంటే చాలు. అమెరికాలో కాలిఫోర్నియా లైసెన్సింగ్ శాఖ ఇలాంటి ఫిర్యాదుల్ని ఈ కొలతతోనే, ఈ మూడు ముగింపులతోనే తేలుస్తుంది. ఫిర్యాదు అందిన 10 రోజుల్లో అక్కడి అధికారి మొదటి తనిఖీకి వెళ్లాలి. అక్కడి హోంలలో ఉన్న మన పెద్దవాళ్ల కోసం ఉచితంగా నిలబడే ఆంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు చూసే ప్రతినిధి) ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నారు.

నివేదికలో గంటలవారీ పట్టిక, ప్రతి గంటకూ ఆధారం (కెమెరా, చార్టు, మనిషి మాట), తేడాకు కారణం, ఎవరు ఏ తేదీలోగా ఏం సరిచేయాలి, ఇవుంటే చాలు. "సిబ్బందికి అవగాహన కల్పిస్తాం" అన్న వాక్యం ఎక్కడున్నా కొట్టేసి, "3వ అంతస్తులో రాత్రి ఇద్దరుంటారు, 1వ తేదీ నుంచి" లాంటిది రాయించండి.

హోం స్పందించకపోతే

మన దగ్గర ఇలాంటి హోంల మీద అన్ని ఫిర్యాదులూ తీసుకునే ఒకే గుమ్మం లేదు. ఏ విషయం ఎక్కడికో తెలియక చాలామంది ముందు ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌కు వెళ్తారు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 కింద ఆ ట్రిబ్యునల్ చూసేది పిల్లలు, వారసులు పోషించకపోవడాన్ని. హోం చేసిన నిర్లక్ష్యాన్ని కాదు.

వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉచితం, సలహాతో పాటు క్షేత్రస్థాయి సాయం అందుతుంది. జిల్లా స్థాయిలో తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కలెక్టర్‌కు అర్జీ ఇచ్చి, వయోవృద్ధుల సంక్షేమ అధికారికి, జిల్లా వైద్యాధికారికి కాపీ పెట్టండి. నర్సులు, ఇంజెక్షన్లు, సెలైన్లు ఉన్న చోటైతే వైద్యాధికారి తనిఖీ ముఖ్యం.

డబ్బు కట్టి తీసుకున్న సేవలో లోపానికి వినియోగదారుల కమిషన్. కట్టిన మొత్తం 50 లక్షల రూపాయల దాకా జిల్లా కమిషన్, 5 లక్షల దాకా ఫీజు లేదు, రెండేళ్లలోగా వేయాలి. 1915కు ఫోన్ చేసి ముందు రాజీకి ప్రయత్నించవచ్చు. ఉచితంగా నడిచే ఆశ్రమాలకు ఈ దారి పనిచేయదు. డిపాజిట్ తిరిగివ్వకపోవడం, చెప్పాపెట్టకుండా చార్జీలు పెంచడం, వాడని డైపర్లకు బిల్లు వేయడం ఇక్కడ బాగా తేలే విషయాలు.

పోలీసుల దగ్గర మాట జాగ్రత్తగా ఉండాలి. చూసుకుంటానని ఒప్పందం చేసుకుని నిస్సహాయుల్ని కావాలని పట్టించుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదొక్కటే రాస్తే పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు, రాసుకుని మేజిస్ట్రేట్ దగ్గరికి పంపుతారు. ఎముక విరిగితే తీవ్ర గాయం, గదిలో బంధిస్తే అక్రమ నిర్బంధం, ప్రాణానికి ముప్పు తెచ్చిన నిర్లక్ష్యం ఉంటే అదే సంహితలోని 125వ సెక్షన్. జరిగిన సంగతులు విడివిడిగా రాస్తేనే ఈ సెక్షన్లు వస్తాయి. 2024 జులై 1కి ముందు జరిగినవాటికి పాత శిక్షాస్మృతే (ఐపీసీ) వర్తిస్తుంది.

మరణం మీద అనుమానం ఉంటే దహనానికి ముందే పోలీసులకు రాసివ్వాలి, పోస్ట్‌మార్టం అడగాలి. విదేశం నుంచి పిల్లలు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సులో ఉంచమని హోంకు మెసేజ్ పెట్టి, చేరినట్టు జవాబు తీసుకోండి. మరణ కారణం సర్టిఫికెట్ మీద ఎవరు సంతకం చేశారో, ఆ డాక్టర్ చివరిసారి మనిషిని ఎప్పుడు చూశారో అడగండి.

విచారణ ముగిశాక ఫిర్యాదు చేసినవాళ్లకు ఏం తేలిందో, ఏం మారుతుందో రాతలో చెప్పాలి. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి ఆ పెద్దమనిషి దగ్గరికి మళ్లీ వెళ్లండి. మంచం మూలకు జరిపారా, బెల్ తీసేశారా, ఇంటికి ఫోన్ చేయించడం తగ్గించారా, బరువు తగ్గిందా అని చూడండి. హోం ఖాళీ చేయమని నోటీసు ఇచ్చి ఉంటే దాని తేదీని ఫిర్యాదు తేదీ పక్కన రాసుకోండి. వినియోగదారుల కమిషన్ ముందు అదీ ఒక సాక్ష్యమే.